పిడుగు మీద ఒట్టు

చమురు డబ్బుతో దోహా అంతా తవ్విపోసుకుంటున్న రోజులవి. ఉమ్ ఘువైలినాలో మా కంపెనీ కడుతున్న ఫ్లాట్ల దగ్గర నేను స్టోర్ చూసుకునేవాణ్ణి. కాస్త ఇంగ్లీషు వచ్చిన పాపానికి, ఫోర్‌మన్‌కూ మావాళ్లకూ మధ్య మాటలు మోసే పని కూడా నా నెత్తినే పడింది. ఫోర్‌మన్ గ్రీసు దేశస్థుడు. ముక్కు మీద కోపం.

మా జిల్లా నుంచి ఒకతను కొత్తగా షట్టరింగ్ కార్పెంటర్‌గా వచ్చాడు. కాంక్రీటు పోసే ముందు చెక్క అచ్చులు బిగించే పని అది. మనవాడేమో వానల్లేక పొలం ఎండిపోతే వచ్చిన రైతు. సుత్తె పట్టిన తీరు చూసి ఫోర్‌మన్‌కు అనుమానమొచ్చింది. పని రాకపోతే ఇంటికి పంపిస్తాను, నిజం చెప్పమన్నాడు. నేను తెలుగులో చెప్పగానే అతను గుండె మీద చెయ్యేసుకుని, "పనొస్తది. అబద్ధమైతే నా మీద పిడుగు వడ" అన్నాడు.

అదీ చెప్పాను. వినగానే ఫోర్‌మన్ కోపం మరిచి కథ మొదలుపెట్టాడు. వాళ్ల పాత దేవుళ్లకు జియస్ అని ఒక రాజున్నాడట. ఆకాశమంతా అతనిదేనట. దొంగ ఒట్టు పెట్టినవాడి మీద పిడుగు విసిరేది అతనేనట. చిన్నప్పుడు నానమ్మ చెప్పేదట. అది చెప్పి, ఇంకేం అడగకుండా పనిలోకి పొమ్మన్నాడు.

బయటికొచ్చాక మనవాణ్ణి దులిపేశాను. నోటికి ఇంకేం దొరకలేదా, పిడుగుతోనా నీ పరాచికాలు అని. "ఈ ఎడారిల వానే లేదు, పిడుగెక్కడికెల్లి వస్తదన్నా" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఏం చెయ్యను.

ఆ చలికాలంలోనే ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఆకాశం బద్దలైనట్టు ఉరిమింది. మావాళ్లంతా అర్జునా ఫల్గుణా అనుకుంటూ స్టోర్‌లో దూరారు. ఇతనొక్కడే వానలో నిలబడిపోయాడు. రమ్మంటే రాడు. తన మీద పడేది మా అందరి మీదా పడుతుందని భయం. చివరికి తడిసి ముద్దై గుమ్మం దాకా వచ్చాడు. ఫోర్‌మన్ లోపలే ఉన్నాడు.

"సార్‌కు చెప్పన్నా. నాకీ పని రాదు. నాగలి తప్ప ఏం పట్టలె. పంపిస్తె పంపియ్యమను."

మా ఊళ్లవాళ్లకు గల్ఫ్‌లో ఎక్కడున్నా దుబాయే. దుబాయ్‌లో ఉన్నాడని ఊరంతా చెప్పుకుంటున్న మనిషి, ఏ ముఖం పెట్టుకుని బస్సు దిగుతాడు? అయినా తప్పదు గనక చెప్పాను.

ఫోర్‌మన్ బయట వానకేసి చూశాడు. తర్వాత, ఇతని మీద పిడుగు పడిందా అని నన్నడిగాడు. లేదన్నాను.

"పిడుగు విసిరేవాడే వదిలేస్తే పంపించడానికి నేనెవణ్ణి? రేపట్నుంచి పెద్ద కార్పెంటర్ పక్కన నిలబడి నేర్చుకోమను."

అది నేను తెలుగులో చెప్పేలోపే అతను, ఇక పోవాల్సిందే అనుకున్నాడు పాపం, తల దించుకున్నాడు. చెయ్యి పట్టి లోపలికి లాగాను.

"తల తుడుచుకోరా, పొద్దుగాల డ్యూటీ ఉన్నది" అన్నాను.