పొలిమేర రాయి

నేను బహ్రెయిన్ వచ్చింది ఇంటిపనికి. హిస్టరీలో బి.ఏ. చదివానని నోరు జారినందుకు ఒక ఇంగ్లీషు పల్లెటూరి చరిత్ర నా నెత్తిన పడింది. మేడమ్ వాళ్ళ నాన్న తన ఊరి మీద పుస్తకం రాస్తున్నారు. చేతులు వణుకుతాయి కనక ఆయన చెప్పడం, నేను టైపు కొట్టడం.

ఊరంటే నాలుగు వీధులు కూడా లేవు. ఒక చర్చి, దాని కిందికి వచ్చే ఇళ్ళూ పొలాలూ కలిపి పారిష్. వందల ఏళ్ళలో అక్కడ జరిగిందల్లా పాదిరీలు మారడం, గంట పగలడం, మళ్ళీ పోత పోయించడం. మా ఊళ్ళో ఇంతకంటే ఎక్కువ చరిత్ర వారం రోజుల్లో కుళాయి దగ్గర జరుగుతుందన్నాను. “మరి మీరు రాసుకోలేదేం?” అన్నారు. ఆ పూట ఆయన సూపులో ఉప్పు ఎక్కువైంది.

చివరి అధ్యాయం దగ్గర బండి ఆగిపోయింది. ఏటా పాదిరీతో కలిసి జనం పారిష్ పొలిమేర చుట్టూ నడిచి, హద్దు రాళ్ళను బెత్తాలతో కొట్టేవారట. జన్మలో హద్దు మరిచిపోకుండా పిల్లల్ని ఎత్తి రాళ్ళ మీద కుదేసేవారట. ఉత్తరపు రాయి మీద కుదేసింది ఈయన్నే. ఇప్పుడా రాయి ఎవరికీ కనపడటం లేదు. చోటు తెలిసినవాళ్ళలో ఈయనొక్కరే మిగిలారు, ఈయనేమో మరిచిపోయారు. ఈమాత్రం దానికి పిల్లల నడుం విరగ్గొట్టడమెందుకన్నాను. ఎప్పుడూ ఎదురు వాదించే మనిషి కాగితాలు పక్కన పెట్టేశారు. మూడు రోజులు కుర్చీ దిగలేదు. నాకు భయమేసింది.

నాలుగోరోజు ఎండ ముదరకముందే మాపు కర్ర చేతికిచ్చి, “లేవండి సార్. రాయి మీ కుర్చీ దగ్గరికి నడిచి రాదు,” అన్నాను. కాంపౌండు గోడ చుట్టూ నడిపిస్తూ, మూల మూలకీ కొట్టించాను.

గేటు దగ్గరుండే జగిత్యాలాయన నోరు తెరుచుకుని చూశాడు. “అక్కా, పెద్దసారు గోడనెందుకు కొడ్తుండు?”

“వాళ్ళ ఊరి పొలిమేర.”

“గీ దుబాయిలనా?” ఆయనకి గల్ఫంతా దుబాయే.

“గోడ నీది కాదుగా, ఊరుకో.”

మూడో మూలలో ఏసీ నీళ్ళు కారి మడుగు కట్టాయి. సారు బూటు అందులో పడింది. ఆగిపోయారు. ఆ రోజు రాయి మీద కుదేసినప్పుడు జారి వాగులో పడ్డారట, ఆదివారం బట్టలు తడిపినందుకు అమ్మ రెండు తగిలించిందట. రాయి అందరూ వెతికిన గట్టు మీద కాదు, పాత మిల్లుకి దిగువన, వాగు అవతలి ఒడ్డున. కాగితం తెమ్మని నన్ను కసిరారు. కసిరితే ప్రాణం లేచొచ్చింది.

అధ్యాయం అయ్యాక, ఆ ఆచారం ఆఖరిసారి జరిగింది ఇక్కడేనని కూడా రాయమన్నారు. ఏసీ మడుగు చరిత్రా అని వాదించాను.

“రాసుకోకపోతే కుళాయి దగ్గరే పోతుంది,” అన్నారు.

రాశాను. మాపు కర్రని మాత్రం బెత్తంగా మార్చాను.