షోరూం తెలుగు

దంతాలపల్లి కళ్యాణికి జనగామలోని ఒక కార్ల షోరూంలో ఉద్యోగం దొరికినప్పుడు, యజమాని సంజీవ ఆమెకు మొదట నేర్పింది కారు గురించి కాదు, నోటి గురించి. ఏంది, ఎట్ల, గిది లాంటి మాటలు అద్దాల తలుపు బయటే వదిలి రావాలన్నాడు. ఆయన పుట్టింది రఘునాథపల్లిలోనే. వాళ్లమ్మ కూరగాయల బేరం ఆ మాటలతోనే చేసేది. కానీ షోరూంలో అడుగుపెట్టగానే ఆయన నాలుకకు ఇస్త్రీ చొక్కా తొడిగేవాడు.

ఒకసారి కళ్యాణి పొరపాటున ఒక రైతుతో "జర ఆగు బాపు" అంది. సంజీవ ఆమెను పక్కకు పిలిచాడు.

"నువ్వు అమ్మేది ఎడ్లబండి కాదమ్మా. ఆ మాటలకు సినిమాల్లో నవ్వుతారు. ఇక్కడ నవ్వితే కారు కొనరు."

కళ్యాణి నేర్చుకుంది. ఆ ఏడు షోరూంకు చిన్న కారు కొత్త రూపంలో వచ్చింది. ముందు దీపాలు పక్కలకు సాగాయి, వెనక సామానుకు చోటు పెరిగింది. ఇంజన్ అయితే పూర్తిగా కొత్తది. తక్కువ పెట్రోలు తాగుతుంది, పొగ దాదాపు కనబడదు. ఆ ఇంజన్ ఆమెకు నిజంగానే నచ్చింది. చిన్నప్పుడు జీపు వెనక కూర్చుని తొర్రూరు పోయినప్పుడల్లా పొగకు వాంతి చేసుకున్న పిల్ల ఆమె.

"ఇంజన్ చాలా శుభ్రమైనదండీ. పొగ తక్కువ, మైలేజీ ఎక్కువండీ" అని రోజంతా చెప్పేది. ఇంటికి పోయినా ఆ అండీ వదిలేది కాదు. తల్లి అన్నం పెడుతూ "ఇంకొంచెం వడ్డించమంటారా అండీ" అని ఎత్తిపొడిచేది.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. జనం బండ్ల నంబరు పలకల మీద ఏపీ చెరిపి టీజీ రాసుకున్నారు. షోరూంలోకి ఈగ కూడా రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది సంజీవకు తన తల్లి భాష.

కొత్త కారు బానెట్‌కు ఉద్యమ జెండా కట్టించాడు. ప్రకటనలు రాసే ఒకాయనను హైదరాబాదు నుంచి రప్పించి, కళ్యాణికి యాసలో పాఠం చెప్పించాడు. తెలంగాణ తెలుగంటే ప్రతి మాటకూ ముందు ఒక గ తగిలించడమే అనుకునే మనిషి ఆయన. "గ ఇంజన్ గట్లుంటది, గ పొగ గస్సలే రాదు" అని బట్టీ పట్టించాడు.

"గిట్ల ఎవ్వరు మాట్లాడరు సార్" అంది కళ్యాణి.

"నువ్వు మాట్లాడినట్టు మాట్లాడితే అది యాస అని తెలియదమ్మా" అన్నాడాయన.

మర్నాడు రఘునాథపల్లి దగ్గర రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డున పొయ్యిలు వెలిగించి వండుతున్నారు, పక్కన టైర్లు తగలబడుతున్నాయి. సంజీవ పొగ రాని కారును సరిగ్గా ఆ పొగలోకే తెచ్చి నిలబెట్టాడు. షోరూం పేరు అచ్చేసిన సంచుల్లో అరటిపండ్లు పంచి, మైకు కళ్యాణి చేతికిచ్చాడు.

ఆమె బట్టీ పట్టింది చెప్పింది. గస్సలే దగ్గరికి వచ్చేసరికి టైరు పొగకు దగ్గు ముంచుకొచ్చింది. జనం నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆమెకు. అన్నం గుండిగలో గరిటె తిప్పుతున్న పెంటమ్మ అనే ముసలామె తలెత్తి అడిగింది.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"దంతాలపల్లి అవ్వా."

"మరి దంతాలపల్లోళ్లనే ఎక్కిరిస్తున్నవా?"

కళ్యాణికి చెంప మీద కొట్టినట్టయింది. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది.

"ఎక్కిరిస్తలేనవ్వా. మొదాలు అండీ అనుమన్నరు, అన్న. ఇప్పుడు గిట్ల అనుమన్నరు, అంటున్న. కారు మంచిదే. పొగ రాదన్నది నిజమే. కని ఆ జెండ కట్టింది కార్లు అమ్ముకునేతందుకే."

సంజీవ మైకు లాక్కున్నాడు. "పిల్ల జర పరేషాన్ల ఉన్నది, ఏమనుకోకున్రి" అన్నాడు చక్కటి రఘునాథపల్లి మాటలో.

"శానా దినాలకు మనిషి లెక్క మాట్లాడినవ్ సంజీవా" అన్నారెవరో వెనకనుంచి.

పెంటమ్మ చేయి తుడుచుకుని లేచి, బానెట్ మీది జెండా విప్పి తీసుకుంది. "జెండ మాది. కారు నీది, తీస్కపో" అని మళ్లీ గుండిగ దగ్గరికి పోయింది.

కళ్యాణి ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. ధైర్యంగా ఏమీ లేదు, ఇంటికి పోయి ఏడ్చింది. సమ్మె ముగిశాక హన్మకొండలో బండ్ల విడిభాగాల దుకాణంలో చేరింది. అక్కడ ఎలా మాట్లాడినా అడిగేవాళ్లు లేరు. అయినా కోపం వచ్చినప్పుడు చాలాకాలం ఆ అండీ నోట్లోంచి జారుతూనే ఉండేది. జారినప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

సంజీవకు మాత్రం ఏ నష్టమూ రాలేదు. బస్సులు తిరగగానే కార్లు అమ్ముడుపోయాయి. రాష్ట్రం వచ్చిన ఏడు జనగామ సభలో ఆయనకు సన్మానం కూడా జరిగింది. మన యాస కోసం తాను ఎన్ని అవమానాలు మింగాడో గొంతు వణికిస్తూ చెప్పాడు. తల్లితో కలిసి పని మీద వచ్చిన కళ్యాణి, జనం వెనక నిలబడి కాసేపు విన్నది.

"ఎవలే గాయన?" అంది తల్లి.

"కార్లు అమ్ముకునెటోడు."

వేదిక మీద శాలువా ఇంకా కప్పుతుండగానే ఇద్దరూ తొర్రూరు బస్సు కోసం బయలుదేరారు.