నేను బొట్టు పెట్టిన మానిటర్
ఈ రోజు పని మీద ఎమ్మిగనూరు వెళ్ళి, చీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు వేసే వీరేశ్ దగ్గర కాసేపు కూర్చున్నాను. అతని బల్ల మీద పాత పిక్చర్‌ట్యూబ్ మానిటర్ ఉంది. దాని నుదుట ఎర్రటి మరక చూడగానే గుర్తుపట్టాను. ఆయుధపూజకు నూనెలో కుంకుమ కలిపి నేనే పెట్టిన బొట్టు అది!

ఆదోనిలో నా డీటీపీ షాపులో ఏళ్ళ తరబడి పనిచేసిన మానిటర్. తెర మూలన ఊదారంగు మచ్చ పడితే, ట్యూబు పోయిందనుకుని పాత సామాన్ల అంగడికి ఇచ్చేశాను.

"ఇది నా పాతదే, ఆ బొట్టు నేను పెట్టిందే. మచ్చ ఎట్ల పోయింది వీరేశా?" అన్నాను.

"పక్కన స్పీకర్ పెట్టుకున్యావేమో గదన్నా. దాంట్లో అయస్కాంతానికి రంగులు చెదిరినాయి. మెనూలో డీగాస్ అని ఉంటాది, అది నొక్కినా. తెర ఒక్కసారి వణికి మచ్చ పోయింది. అంతే!"

ఆ మెనూలో నేను రోజూ వెలుతురు సరిచేసుకునేవాణ్ణి. డీగాస్ జోలికి మాత్రం ఒక్కనాడూ పోలేదు. ఇప్పుడు అదే తెర మీద అతని ఎర్ర అంచు నిగనిగలాడుతుంటే కడుపు మండిపోయింది.

"నా కొత్తది తీసుకొని ఇది ఇచ్చేయప్పా" అన్నాను.

"ఇయ్యనన్నా. కావాలంటే ఈ దసరాకు గూడా నువ్వే వచ్చి బొట్టు పెట్టిపో."

వెళ్ళాలా వద్దా, మీరే చెప్పండి. కుంకుమలో కలపడానికి నూనె మాత్రం ఇప్పుడే సీసాలో పోసి పెట్టుకున్నాను.