ఒంటిపోగు హుక్కు

మా చీపురుపల్లిలో బట్టలు కుట్టే మావ పోయాడు. మొన్న మంగళవారం పొద్దున్నే ఆయన అల్లుడు సైకిలు దిగకుండానే, "మా మావ పోనాడు మేష్టారూ" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఊరందరికీ మావే. నేను బడిపంతులునైనా సరే, నన్ను మాత్రం "ఒరే అల్లుడూ" అనే పిలిచేవాడు.

ఎండాకాలం సాయంత్రం క్లోజ్ కోటు తొడుక్కుని పెద్దవాళ్ల విందులో కూర్చున్నారా మీరెప్పుడైనా? మెడ దాకా గుండీలు, ఆ పైన గొంతు దగ్గర ఒక హుక్కు. అది పెట్టకపోతే మర్యాద కాదట. ఆకు కదలని ఉక్కలో, ముఖ్య అతిథి కోటు విప్పేదాకా ఎవడూ విప్పకూడదట. ఎవడు పెట్టాడో గానీ ఈ ఆచారం!

రెండేళ్ల కిందట వైశాఖంలో, విజయనగరంలో అలాంటి విందులోనే స్వాగతపత్రం చదివే పని నాకు పడింది. అప్పుడందరికీ టెరిలిన్ పిచ్చి. నేనూ ఆ గుడ్డే పట్టుకెళ్లాను. మావ దాన్ని మూతికి ఆనించుకుని ఊదాడు. ఏ గుడ్డనైనా ముందు అలాగే చూసేవాడు.

"గాలి అవతలకి పోదురా. ఇది గుడ్డ కాదు, గొడుగు. నూలుది తే."

"నలగదు మావా. నాకిదే కావాల."

"కోటు నలిగితే ఇస్త్రీ ఉన్నాది. మనిషి నలిగితే ఏటున్నాది?"

అయినా కుట్టాడు. వీపున లోపలి గుడ్డ వెయ్యకుండా కుట్టాడు. తీసుకోడానికి వెళితే కోటు తొడిగి, గుండీలన్నీ పెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి పొగలు కక్కే టీ ఇచ్చాడు. "కొలత నిలబడినప్పుడు కాదు, సెమట పట్టినాక సూడాల" అన్నాడు. నేను గొణుక్కుంటూ తాగాను. నా మెడకీ కాలరుకీ మధ్య వేలు దూర్చి, "ఊపిరి ఆడతన్నాదా?" అన్నాడు. పెళ్లిళ్లలో ముక్కూ మొహం తెలియనివాళ్ల కాలర్లు కూడా అలాగే తడిమేవాడు. మాకు నవ్వు వచ్చేది.

విందు రోజు స్వాగతపత్రం సగంలో ఉండగా గుటక వేశాను. హుక్కు టప్పున ఊడి కాగితం మీద పడింది. కాలరు తెరుచుకుంది. ముందు వరసలో ఇద్దరు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తల కొట్టేసినట్టయింది నాకు.

మర్నాడు ఆ హుక్కు తీసుకెళ్లి, కొట్లో నలుగురి ముందూ ఆయన బల్ల మీద విసిరాను.

"హుక్కు కుట్టడం సేతకాదు, నువ్వేం టైలరువి?"

మావ కోపపడలేదు. "సేతకాక కాదు. కావాలనే ఒంటిపోగుతో కుట్టినాను. లాగితే ఊడాల" అన్నాడు. తల ఎత్తకుండానే మిగతాది చెప్పాడు. ఆయన తమ్ముడు ఓ పెద్దింట్లో గుమస్తా. ఎండాకాలంలో ఆ ఇంటి పెళ్లివిందుకని మావ అతనికి ఉన్ని కోటు కుట్టాడు. మావ కుట్టిన మొదటి కోటు అదే. హుక్కు నాలుగు పోగులతో, మైనం రాసిన దారంతో బిగించాడు. వచ్చినవాళ్లకు మర్యాద చేస్తూనే తమ్ముడు వేడికి పడిపోయాడు.

"అందరూ లాగినారు. నానూ లాగినాను. రానేదురా. నా కుట్టే, నా సేతికి రానేదు. బ్లేడు తెచ్చేసరికి అయిపోనాది."

అప్పుడైనా నేను ఆయన చెయ్యి పట్టుకోవాల్సింది. ముందురోజు అవమానం ఇంకా మండుతోంది. "నీ తమ్ముడి గోల నాకెందుకు?" అన్నాను. అన్నాను, మీ దగ్గరెందుకు దాచాలి. ఆ తర్వాత రెండేళ్లూ ఆయన వీధిలో ఎదురుపడితే పలకరించేవాడు, కళ్లు నా గొంతు దగ్గరే ఆగేవి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

మంగళవారం నేను వెళ్లేసరికి, పాడె కట్టేలోపు ఫోటో తీయించాలని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్త తెల్ల చొక్కా తొడిగారు. ఫోటోగ్రాఫరు, "మెడ దాకా ఉంటే నిండుగా ఉంటాది" అంటూ పై గుండీ పెట్టేశాడు.

"ఉండండి, ఉండండి" అంటూ జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఆ గుండీ పట్టుకున్నాను. కొత్త కాజా, బిగుతుగా ఉంది. లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. "తప్పయిపోనాది మావా" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఏడుస్తున్నవాళ్లు కూడా ఆగి చూశారు.

నిన్న ఆయన అల్లుడు ఫోటో తెచ్చాడు. "మీ సెయ్యి పడిపోనాది మేష్టారూ. గీకించి సెరిపించీమంటారా?"

వద్దన్నాను. ఫోటోలో మావ చొక్కా గొంతు దగ్గర తెరుచుకుని ఉంది. పక్కన నా చెయ్యి, కదిలిపోయి పొగలా పడింది. వేళ్ల మధ్య, దారంతో సహా ఊడొచ్చిన గుండీ.