గడియ లేని ఇల్లు

ఆ వీధిలో ఆమెని మిషనక్క అంటారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద పొద్దుటి నుంచి దీపాలు పెట్టేవేళ దాకా వంగిన ఆమె మెడ. దారిన పోయేవాళ్ళకి కనిపించేది అంతే. ఆమె భర్తని మిలిట్రీ బాబాయ్ అంటారు. సైన్యంలో లారీ నడిపేవాడు. తిరిగొచ్చిన కొత్తలో ఒకరోజు స్క్రూడ్రైవరు తీసుకుని, ఇంట్లో ఉన్న తలుపులన్నిటికీ గడియలు ఊడదీశాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఊడిన గడియల్ని, మరమేకుల్ని ఏరి బొత్తాల డబ్బాలో వేసుకుంది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో తలుపులున్నాయి గాని మూసుకోవు. వీధితలుపుకి రాత్రిపూట ఒక ఇటుక ఆనిస్తారు. స్నానాలగదికి తెర. లోపల మనిషి ఉన్నట్టు తెలియాలంటే దగ్గాలి.

"దొంగలు మీ ఇంటికి రావడం మానేశారట అక్కా, తలుపు తెరిచి ఉంటే వాళ్ళకి నామోషీగా ఉంటుందిట" అని నవ్వేది పక్కింటి పంతులమ్మ.

"వచ్చినా ఏం పట్టుకుపోతారు, సగం కుట్టిన లాగులు తప్ప" అనేది మిషనక్క, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

కారణం ఆయన ఒకే ఒక్కసారి చెప్పాడు. ఆమెకి సూదిలో దారం ఎక్కించి ఇస్తూ చెప్పాడు. లారీ లోయలోకి దొర్లి బోర్లా పడింది. తలుపు నలిగిపోయి రాలేదు. పక్కన స్నేహితుడు. "చీకటి. ఉన్నావా అని అడిగేవాణ్ణి. ఉన్నా అనేవాడు. మళ్ళీ అడిగేవాణ్ణి. ఉన్నా అనేవాడు. తర్వాత అనలేదు." అంతే చెప్పి, "కత్తెర ఇలా ఇయ్యి, దారం తెంపాలి" అన్నాడు.

ఆ మాట విన్నాక ఆమె ఇంక గడియ ఊసెత్తలేదు. సినిమాహాలు లేదు, లిఫ్టు లేదు, బస్సులో ఆయన మెట్టు మీదే నిలబడతాడు గనక దూరప్రయాణం లేదు. ఆయన్ని ఒంటరిగా వదిలి పోవడమూ లేదు. ఏడుపొచ్చినా, కోపమొచ్చినా, ఊరికే గోడకేసి చూస్తూ కూర్చోవాలనిపించినా, అన్నీ వీధికి కనబడుతూనే కావాలి. ఒకసారి ఇద్దరూ ఊళ్ళోనే ఉన్న చెల్లెలింటికి వెళ్ళినప్పుడు స్నానాలగదిలోకి పోయి, గడియ వేసుకుని, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. ఏమీ చెయ్యలేదు. "ఏమే అక్కా, లోపల కాపురం పెట్టావా ఏం?" అని చెల్లెలు తలుపు బాదే దాకా లేవలేదు. ఇప్పటికీ మనసు బాగులేనప్పుడు ఆ బకెట్టే గుర్తొస్తుంది ఆమెకి.

ఇలా ఉండగా మాజీ సైనికుల సంఘం కార్యదర్శి వచ్చాడు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. అందరూ నిమిషం అనేచోట ఆయన గడియ అంటాడు. పిల్లలు వెనకాల నవ్వుతారు, ఆయన మానడు.

"ఈసారి సైనికులకి కాదమ్మా, వాళ్ళ ఇల్లాళ్ళకి సన్మానం. మొదటి పేరు నీదే."

మిషనక్కకి చెవులు వేడెక్కాయి. ఆమె పేరు ఎవరైనా గట్టిగా పిలిచి ఎన్నాళ్ళయిందో. అయినా అసలు సంగతి చెప్పకుండా ఎలా?

"ఒక్క మాట మాస్టారూ. మా ఆయనకి గడియ పడదు. మీకు తెలీదేమో."

"ఆ మాత్రం అర్థం చేసుకోలేనా? గడియ సంగతి నాకొదిలెయ్యి, నేను చూసుకుంటాగా!"

ఆమె నిశ్చింతగా మిషను ముందు కూర్చుంది. ఊరందరి బట్టలూ పక్కకి నెట్టి, మొదటిసారి తనకోసం కొత్తబట్టలు కుట్టుకుంది.

సభ రోజున మిలిట్రీ బాబాయ్ హాల్లో చివరి వరసలో, తలుపు పక్క కుర్చీ పట్టుకున్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. "నువ్వెళ్ళు, ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తావు" అన్నాడు. ఆమె వేదిక ఎక్కి కూర్చుంది.

ముఖ్య అతిథి మైకు పట్టుకున్నాడంటే వదిలే రకం కాదు. త్యాగం అన్నాడు, సహనం అన్నాడు, మళ్ళీ త్యాగం దగ్గరికే వచ్చాడు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే టీ బల్లల వైపు జారుకోవడం మొదలెట్టారు. మాస్టారు అది చూసి, తలుపు దగ్గరున్న కుర్రాడికి చేత్తో సైగ చేశాడు. కుర్రాడు తలుపు మూసి పైగడియ బిగించాడు.

మిషనక్క చూసింది. చివరి వరసలో తన భర్త లేచి నిలబడటం చూసింది. రెండు అరచేతులూ తలుపుకి ఆనించడం చూసింది.

"మాస్టారూ, గడియ తీయించండి" అంది, పక్కకి వంగి.

"ఒక్క గడియ ఓపిక పట్టమ్మా, జ్ఞాపిక ముందు నీకే!"

ఆ మాట మైకులో పడింది. హాలంతా గొల్లున నవ్వింది. ఎంత తొందరో చూడండి ఈవిడకి అన్నట్టు.

ఆమె వేదిక దిగింది. "అమ్మా, ఫోటో! ఫోటో అవలేదు!" అని ఫోటోగ్రాఫరు వెంటపడ్డాడు. ఆగలేదు. తలుపు దగ్గర కుర్రాడు చేతులు చాపాడు. "ఎవర్నీ పంపొద్దన్నారక్కా."

"నేను కుట్టిన చొక్కా తొడుక్కుని నాకే అడ్డం నిలబడతావట్రా?"

వాడు పక్కకి తప్పుకున్నాడు. మునివేళ్ళ మీద లేచి గడియ లాగింది. లోపల అప్పుడే ఆమె పేరు పిలుస్తున్నారు.

బయట మెట్ల మీద ఆయన చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయి ఉంది. కాసేపటికి ఊపిరి కుదుటపడింది.

"నీ పేరే కదూ పిలిచింది? వెళ్ళు. నేనిక్కడే ఉంటా."

"నాకు ఆ కుర్చీ అక్కర్లేదు."

"మరేం కావాలి?"

ఇన్నేళ్ళూ గొంతులో అట్టే పెట్టుకున్నది, అనకూడని చోట, అనకూడని వేళ బయటపడింది.

"ఒక గడియ. తలుపుకి వేసుకునేది. లోపలి నుంచి."

ఇంతలో మాస్టారు జ్ఞాపిక పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. తడిసిన చొక్కా చూశాడు, తలుపు వైపు చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు. "ఆ గడియా తల్లీ! పెద్దాయన ఎక్కువసేపు కూర్చోలేడేమో, త్వరగా ముగించమంటున్నావు కాబోలనుకున్నాను."

"అదీ ముగించలేదుగా మాస్టారూ" అంది ఆమె. జ్ఞాపిక మాత్రం తీసుకుంది.

ఇంటికొచ్చాక ఆయన బొత్తాల డబ్బా నేల మీద బోర్లించాడు. గడియ ఒకటి ఏరి, వెనకగది తలుపుకి లోపలివైపు బిగించడం మొదలెట్టాడు. స్క్రూడ్రైవరు రెండుమూడు సార్లు జారింది. ఆమె పట్టుకోబోతే వద్దన్నాడు. పని కాగానే గదిలోంచి ఒక్క అంగలో బయటికొచ్చాడు.

"వేసుకో. నేను బయటుంటా."

ఆమె లోపలికి వెళ్ళి గడియ వేసింది. పాత ఇనుము కిర్రుమంది. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. ఎవరూ చూడటం లేదు. మెడ దానంతటదే వదులయింది.

"ఉన్నావా?" అన్నాడు ఆయన తలుపవతల నుంచి.

"ఉన్నా."

వీధిలో సైకిలు గంట మోగింది. ఏడుద్దామనుకుంది. ఎక్కడ మొదలెట్టాలో తోచలేదు.

"ఉన్నావా?"

"ఉన్నా, ఎక్కడికి పోతాను!"

గొంతులో విసుగు ఆమెకే వినపడింది. తలుపు అవతల ఆయన ఊపిరి, లారీలో ఎలా ఉండేదో అలాగే ఉండి ఉంటుంది. పలక్కుండా ఉంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. గడియ తీసేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఆయన దాన్ని మళ్ళీ ఊడదీస్తాడు, ఆమె మళ్ళీ డబ్బాలో వేసుకుంటుంది.

లేచి గడియ మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. అలాగే పట్టుకుని నిలబడింది.

"ఉన్నావా?"

"ఉన్నా" అంది మిషనక్క.