హెడ్‌మాస్టరుకు నేర్పిన లారీల లెక్క

నా చిన్నప్పుడు, సండూరు కొండల కింద మా బడిలో, లెక్కలంటే నాకు ఇష్టమే. లెక్కల పరీక్ష అంటేనే ప్రాణం పోయేది. మా నాన్న ఇనుపరాయి గనిలో కూలి. అన్నం తింటూ ఆయన ఏ లెక్క అడిగినా వేళ్ళు మడవకుండా చెప్పేదాన్ని. బడిలో హెడ్‌మాస్టరు బెత్తం పట్టుకుని బెంచీల మధ్య తిరుగుతుంటే మాత్రం వచ్చిన లెక్క కూడా రాకుండా పోయేది. నేను మొద్దునని అందరూ తేల్చేశారు. నేనూ నమ్మాను.

ఏడో తరగతిలో బళ్ళారి నుంచి కొత్త లెక్కల టీచరమ్మ వచ్చింది. పరీక్ష రోజు కిటికీలన్నీ తెరిపించి, మా బెంచీలోనే కూర్చుని, తానూ అదే పేపరు రాసింది. "తప్పు పోతే కొట్టేసి మళ్ళా రాయండి. నేనూ అట్లే రాస్తాండా," అంది. ఆ రోజు నా చేయి ఆగలేదు. క్లాసులో నావే ఎక్కువ మార్కులు.

హెడ్‌మాస్టరు నమ్మలేదు. నన్ను తన గదికి పిలిపించాడు.

"నిన్నటిదాకా సున్నాలు తెచ్చిన పాపకు ఈ పొద్దు యాడనుంచి వచ్చె ఈ లెక్కలు? కాపీ కొట్టింటాది."

బోర్డు దగ్గర నిలబెట్టి ఒక లెక్క ఇచ్చాడు. మూడు లారీలు ఎనిమిది రోజుల్లో మోసే రాయిని ఆరు లారీలు ఎన్ని రోజుల్లో మోస్తాయి? ఏమీ తోచలేదు. బడి మానిపిస్తారేమోనని ఏడుపొచ్చింది.

వెంట వచ్చిన టీచరమ్మ మెల్లగా అంది: "సార్, మీరు కూర్చోండి. ఈ లెక్క మీకు రాదనుకోండి. మా పాప నేర్పిస్తాది."

ఆయన విసుక్కుంటూనే కూర్చున్నాడు. "సరే. పదహారు రోజులు," అన్నాడు.

నాకు నవ్వొచ్చేసింది. "లారీలు ఎక్కువైతే పని బిరీన అవుతాది కదా సార్! నాలుగు రోజులే."

ఆయన కావాలనే ఇంకో మూడు లెక్కలు తప్పుగా చెప్పాడు. మూడూ దిద్దాను. చివరికి లేచి, "తప్పు నాదే, అమ్మా," అన్నాడు. టీచరమ్మతో కాదు, నాతో.

ఆ సాయంత్రం మా నాన్న గని బస్సు దిగిన వాళ్ళనందరినీ ఆపి చెప్పాడు: "మా పాప హెడ్‌మాస్టరుకే లెక్క నేర్పిందప్పా!" అంత గొంతెత్తి ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గర పడుతోంది. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఎవరైనా కసురుతూ అడిగితే ఈనాటికీ మాట తడబడుతుంది. కానీ నాకు తెలియదని మాత్రం ఎన్నడూ ఒప్పుకోను. "ఒక్క నిమిషం నిదానంగా ఉండండప్పా, చెప్తాను," అంటాను. చెప్తాను కూడా.