కిటికీకి అడ్డొచ్చిన కొప్పు

మంచుకొండలు ఎటువైపు కనిపిస్తాయో వారం రోజులు పటం ముందేసుకుని తేల్చాను. ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా వెళ్లే విమానంలో ఎడమవైపు, రెక్కకు ముందున్న కిటికీ సీటు తీసుకున్నాను. పక్క సీటావిడ యాదమ్మ, మా పటాన్‌చెరు దగ్గరి లక్డారంలో కంకర క్రషర్ కూలీ. సైన్యంలో ఉన్న అల్లుడి దగ్గరికి వెళుతోంది.

కొండలు కనిపించగానే ఆమె నా మీదుగా వంగి కిటికీకి అతుక్కుపోయింది. నాకు ఆమె కొప్పు తప్ప ఏమీ కనబడలేదు.

"కాస్త జరుగు తల్లీ, నేనూ చూడాలి" అన్నాను.

"ఆగు సారూ! ఎంత పెద్ద గుట్ట! గిదే మా లక్డారంల ఉంటే గీపాటికి కంకరైపోతుండె."

పోతిరెడ్డిపల్లిలో మా ఇంటి స్లాబుకు పోసిన కంకర లక్డారందే. నేనే సీటులో వెనక్కి ఒరిగి కిటికీ ఆమెకు వదిలేశాను.